రంగులు వేయించకు, నేనొచ్చేదాకా

పర్లాకిమిడి,
మాఘ పౌర్ణమి.

చిరంజీవి రాజుకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఇద్దరు జతగాళ్లతో కలిసి పాత జెయింట్ వీలు ఒకటి, కొలంబస్ పడవ ఒకటి కొన్నావట. చైత్రంలో బరంపురం ఠాకురాణి యాత్రలో నిలబెడతావట. "బావగారూ, వాడు నా మాట వినడు, మీరైనా ఒక ముక్క చెప్పండి" అంది. వద్దని చెప్పాలని ఆవిడ ఉద్దేశం. నేను వద్దనను. పదిహేడో ఏట నేను మేళా జట్టుతో లారీ ఎక్కినప్పుడు మీ నాన్నమ్మ కూడా వద్దనే అంది, నేను విన్నానా?

ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అంటూ నువ్వు ఇంకేదో పనిలో ఉంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివి సామాన్ల పెట్టెలో పడేసుకో, గ్రీజు అంటినా ఫర్వాలేదు. నలభై ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. అందులో తొమ్మిదేళ్లు ముంబయిలో ఒక పెద్ద పార్కులో రోలర్ కోస్టర్ దగ్గర ఫిట్టరుని. పది వేళ్లూ ఉన్నాయి. మా పనివాళ్లలో అది చిన్న సర్టిఫికెట్టేం కాదు.

ముందు ఆ రోలర్ కోస్టర్ సంగతే చెబుతాను. నీ జెయింట్ వీలుకి దానితో పనేంటి అనుకోకు. బండిని గొలుసు పైకి లాగుతున్నప్పుడు టకటకమని చప్పుడొస్తుంది, విన్నావు కదా. జనం అది గొలుసు చప్పుడనుకుంటారు, గుండె గుబగుబలాడుతుంది. నిజానికి ఆ చప్పుడు వింటే ధైర్యం రావాలి. బండి కింద ఒక ఇనప నాలుక ఉంటుంది, పట్టాల మధ్య రంపం పళ్లలాంటి మెట్లుంటాయి. బండి ఎక్కుతుంటే నాలుక ఒక్కో పన్ను దాటి పడుతూ ఉంటుంది, అదే ఆ చప్పుడు. గొలుసు తెగనీ, కరెంటు పోనీ, బండి వెనక్కి జారదు. నాలుక వెనక పన్నుకి తగులుకుని అక్కడే నిలబడిపోతుంది. చక్రాలూ అంతే. పైన నడిచేవి కొన్ని, పక్కన ఒరుసుకునేవి కొన్ని, పట్టా కిందనుంచి పట్టుకునేవి కొన్ని. ఆ కింద చక్రాల వల్లే బండి గాల్లోకి లేవబోయినా పట్టా వదలదు. 1919లో అమెరికాలో జాన్ మిల్లర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు వాటికి. అప్పటిదాకా ఎక్కేవాళ్ల ధైర్యం మీదే నడిచేది చాలామటుకు.

చివర్లో ఆపే బ్రేకు ఇంకా బాగుంటుంది. బండి కింద రాగి రేకు, దారిలో రెండు వరసల అయస్కాంతాలు. రేకు వాటి మధ్యనుంచి పోతుంటే ఏదీ ఏదాన్నీ తాకకుండానే బండి మందగిస్తుంది. దానికి కరెంటుతో పనిలేదు. గాలితో పనిచేసే బ్రేకుల్లోనూ తెలివైనవి ఎలా ఉంటాయంటే, గాలి ఉన్నంతసేపూ తెరుచుకుని ఉంటాయి, గాలి పోతే స్ప్రింగు బిగించేస్తుంది. దారిని ముక్కలుగా లెక్కేసుకుని, ముందు బండి ఒక ముక్క దాటి పోయేదాకా వెనక బండిని అందులోకి వదలరు. మన నౌపడా-గుణుపురం చిన్న రైలు లైను నడిచిన రోజుల్లో ముందు బండి స్టేషను చేరేదాకా వెనక బండిని ఆపినట్టే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, యంత్రాన్ని చూసేటప్పుడు "ఇది గట్టిగా ఉందా" అని అడగకు. గట్టిదీ ఒకరోజు పోతుంది. "ఇది పోతే ఏది పట్టుకుంటుంది, ఆ పట్టుకునేదానికి కరెంటు కావాలా" అని అడుగు. నువ్వు కొన్న చక్రం చుట్టూ ఈ ప్రశ్న పట్టుకుని ఒక పూటంతా తిరుగు. ఎన్నిచోట్ల జవాబు దొరక్కపోతే అన్నిచోట్ల నీకు పని ఉన్నట్టు.

మొదట బ్రేకు. పాత చక్రాలకి చేత్తో లాగే బ్రేకు ఉంటుంది, మనిషి బలం మీద ఆధారం. లిఫ్టు మోటార్లకి ఉండే బ్రేకు వేరు. కరెంటు ఉన్నంతసేపూ అది విడిచి ఉంటుంది, పోగానే స్ప్రింగు పట్టుకుంటుంది. అది వేయించు. ఖర్చవుతుంది, వెనకాడకు. వేయించాక ఖాళీ చక్రం తిప్పుతూ ఉన్నట్టుండి జనరేటరు ఆపేసి, ఎంతలో ఆగిందో చూడు. తరవాత మనిషికి 75 కిలోల లెక్కన ఇసక బస్తాలు పెట్టి మళ్లీ చూడు. మనుషుల్ని ఎక్కించి పరీక్ష చెయ్యకు, నీ జతగాళ్లు సరదాపడినా సరే.

ఇక తొట్టెలు వేలాడే పిన్నులు. నా ఉత్తరంలో సగం వీటికే పోతుంది, పోనీ. తొట్టి ఎప్పుడూ కిందికే వేలాడుతుంది, పిన్ను మాత్రం చక్రంతోపాటు తిరుగుతుంది. అంటే ఒక్కో చుట్టుకి ఆ బరువు పిన్ను చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తుంది. ఆటకి ఆరు చుట్లు, సాయంత్రానికి యాభై ఆటలు వేసుకో, మూడువందల చుట్లు. యాత్ర నెల్లాళ్లు. తొమ్మిదివేల ప్రదక్షిణలు. తీగని అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో చిన్నప్పుడు చూశావుగా, లావుపాటి ఇనుమూ అంతే. కాకపోతే నిదానంగా, పైకి చెప్పకుండా తెగుతుంది.

2018 మే నెలలో అనంతపురం ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీలు తొట్టి ఊడిపడి పదేళ్ల పిల్ల చనిపోయింది. పేపర్లో చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

జయపురంలో దసరా మేళా. నాకు ఇరవై రెండేళ్లు. చక్రం బిగిస్తుంటే ఒక నట్టుకి స్ప్లిట్ పిన్ను, అంటే నట్టు వెనక్కి తిరక్కుండా కన్నంలో దూర్చి కొసలు వంచేది, తక్కువయింది. బజారు కట్టేశారు, యజమాని బేగి కానీయమంటున్నాడు. పక్కన చెక్కలకి కొట్టిన మేకు ఒకటి పీకి, కన్నంలో దూర్చి, సుత్తితో వంచేశాను. రేపు మారుద్దాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. నాలుగో రోజు సాయంత్రం బుడగలమ్మే గుంటడొకడు నా చొక్కా లాగి "అదేటన్నా, అది అలా తిరుగుతోంది" అన్నాడు. తలెత్తి చూస్తే, మేకు ఎప్పుడో తెగిపోయింది, తొట్టి ఊగినప్పుడల్లా నట్టు కాస్త కాస్తగా వెనక్కి తిరుగుతోంది. ఇంకా నాలుగు మరలు మిగిలాయి. ఆ తొట్టిలో పెళ్లయి ఏడాది కాని జంట కూర్చుని ఉంది. చక్రం ఆపి, వాళ్లని దించి, నేను పాకవెనక్కి పోయి వాంతి చేసుకున్నాను. యజమానికి చెప్పలేదు. పెళ్లయ్యాక మీ పెద్దమ్మకి చెప్పాను, ఇదిగో ఇప్పుడు నీకు.

కాబట్టి పిన్నుల సంగతిలో మూడు పనులు చెయ్యి. స్ప్లిట్ పిన్నులు ప్రతి బిగింపుకీ కొత్తవి వెయ్యి, పాతవి నిటారుగా చేసి మళ్లీ వాడకు. ఓ వంద పిన్నులు ఎక్కువే కొనిపెట్టుకో. లోపల నైలాను ఉండే నట్లూ అంతే, రెండు మూడుసార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది. బోల్టు తలమీద 8.8 అని అచ్చు లేకపోతే బరువు మోసేచోట వాడకు, కొట్టువాడు ఎంత ఒట్టేసినా సరే. రెండోది, ప్రతి తొట్టికీ పిన్నుతో సంబంధం లేకుండా చక్రం చట్రానికి ఇంకో గొలుసు ఉండాలి, అదీ తిరగడానికి అడ్డం పడకుండా. పిన్ను పోయినా తొట్టి వేలాడుతుంది, కింద పడదు. జయపురంలో మా చక్రానికి ఆ గొలుసు లేదు.

మూడోది పగుళ్లు చూడడం. ఇది చిన్న లైను రోజుల్లో రైల్వే షెడ్డులో చేసిన పెద్దాయన ఒకరు నాకు నేర్పారు. పిన్ను విప్పి డీజిలుతో కడుగు. ఆరాక కిరసనాయిలులో కాస్త పాత ఇంజనాయిలు కలిపి రాత్రంతా ముంచిపెట్టు. పొద్దున తీసి పొడిగుడ్డతో నిగనిగలాడేదాకా తుడు. సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి పల్చగా పూసి నీడలో ఆరబెట్టు. తెల్లగా, బడిలో పలక తుడిచినట్టు అయిపోతుంది. అప్పుడు పిన్ను చివర సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేసి, బీడీ కాల్చేంతసేపు ఊరుకో. పగులు లేకపోతే తెలుపు తెలుపుగానే ఉంటుంది. ఉంటే, దాంట్లో దాక్కున్న నూనె బయటికొచ్చి సుద్దమీద వెంట్రుకంత నల్లగీత పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో నా కళ్లముందే గీస్తున్నట్టు అనిపించింది. మరలు మొదలయ్యేచోటా, లావు సన్నమయ్యే మలుపులోనూ చూడు, ఎక్కువ అక్కడే. ఇప్పుడు మూడు డబ్బాల స్ప్రేలు దొరుకుతున్నాయి, కడిగేదొకటి, ఎర్రరంగుదొకటి, తెల్లదొకటి. గీత నల్లగా కాక ఎర్రగా వస్తుంది, పని అదే. వెల్డింగులకి ఆ స్ప్రేలు మంచివి, విప్పి ముంచలేం కదా.

గుణుపురంలో ఒక మేళా మధ్యలో అలా ఒక పిన్ను మీద గోరంత గీత కనిపించింది. ఆ యజమాని "ఇంకో పదిరోజులే కదా" అన్నాడు. ఆ రాత్రే లెక్క తీసుకుని వచ్చేశాను, వస్తూ పిన్ను నా సంచీలో వేసుకున్నాను. ఫ్యాను గాలికి ఈ కాగితాలు ఎగరకుండా దాన్నే పెట్టి రాస్తున్నాను.

కొన్నప్పుడు చక్రానికి మంచి రంగులున్నాయా? ఉంటే సంబరపడకు. అమ్మేముందు రంగు ఎందుకు వేస్తారో పశువుల సంతకి పోయేవాణ్ణి అడిగినా చెబుతాడు. వెల్డింగు పక్కన రంగు కిందనుంచి సన్నటి తుప్పుచార కారినట్టుంటే అక్కడ గోకి చూడు.

చక్రం నిలబెట్టే నేల గురించి. బరంపురంలో చైత్రం, వైశాఖం అంటే సాయంత్రాలు కాలబైశాఖి వానలు. పొద్దున రాయిలా ఉన్న నేల రాత్రికి మెత్తబడుతుంది, చెక్క స్లీపరు ఒకవైపు అంగుళం దిగినా పైన చక్రం ఎంత వాలుతుందో చూస్తే నీకే తెలుస్తుంది. రోజూ ఆట మొదలెట్టేముందు నీళ్ల గొట్టంతో మట్టం చూసి, కాళ్లమీద సుద్దతో గుర్తుపెట్టు. లాగికట్టిన ఇనపతాళ్ల క్లిప్పులు చాలామంది తిరగేసి బిగిస్తారు. యూ-బోల్టు వంపు తాడు చచ్చిన కొస మీద, అంటే మడిచాక బరువు మోయకుండా మిగిలే కొస మీద పడాలి, గాడి ఉన్న దిమ్మ బరువు మోసే తాడు మీద పడాలి. తిరగేస్తే బరువు మోసే తాడునే నలిపేస్తుంది. ప్రతి క్లిప్పూ నువ్వే వెళ్లి చూసుకో.

గాలి లేస్తే మొదట తొట్టెలు వాటంతటవే ఊగుతాయి. అప్పటికే ఆలస్యం. పడమట మబ్బు నల్లబడగానే టికెట్లు ఆపించు, ఉన్నవాళ్లని దించెయ్యి. 2013 దసరాకి నేను ఇక్కడే మేళాలో ఉన్నాను. ఫైలిన్ తుపాను వస్తోందని రేడియోలో చెబుతుంటే అక్టోబరు 10 పొద్దుటే చక్రం విప్పడం మొదలెట్టించాను. భాగస్తులు నన్ను తిట్టని తిట్టు లేదు, దసరా వారమంటే ఏడాది సంపాదన. 12 రాత్రి అది గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారి మైదానంలో నిలబడి ఉన్నది ఒక్కటీ లేదు, మా ఇనుమంతా గుడ్డ కప్పి నేలమీద భద్రంగా ఉంది. ఆ తరవాత 2018లో తిత్లీ కూడా అక్టోబరులోనే, 11న, పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాని కుమ్మేసింది. దసరా మేళాలు ఒప్పుకుంటే ఈ రెండు తేదీలూ గోడమీద రాసుకో.

ఎక్కించడం ఒక విద్య. పన్నెండు తొట్టెలు, తొట్టికి నలుగురు, మనిషి అరవై కిలోలు వేసుకున్నా తొట్టికి 240 కిలోలు. ఆరు తొట్టెలు వరసగా నింపేస్తే ఒకవైపు 1,440 కిలోలు, రెండోవైపు గాలి. గడియారం అనుకో. పన్నెండు అంకె దగ్గరి తొట్టి నింపాక ఆరు దగ్గరిది, తరవాత మూడు, తరవాత తొమ్మిది. దించేటప్పుడూ అదే వరస. చక్రం మధ్యలో ఆగిపోతే కంగారుపడి కింద తొట్టినే ఖాళీ చేస్తారు. చేస్తే బరువు తేడావచ్చి చక్రం దానంతటదే కదులుతుంది, ఒక కాలు బయటపెట్టినవాడి గతి ఏంటి? ముందు బ్రేకు, దానిమీద తాడుతో కట్టు, ఆ తరవాతే గొళ్లెం తియ్యి. మీ ముగ్గురూ ఇది జనం లేనప్పుడు ఓ పదిసార్లు చెయ్యండి.

కొలంబస్‌లో ఒళ్లోకి దించే కడ్డీ ఒకటే వరసంతటికీ ఉంటుంది. అది లావుపాటి మనిషి తొడమీద ఆగిపోతుంది, పక్కన బక్క పిల్లాడికి జానెడు సందు. పడవ కొసకి లేచినప్పుడు ఆ సందులోంచి ఏమవుతుందో ఆలోచించు. అందుకే గేటు దగ్గర పిల్లల ఎత్తు కొలిచే కర్ర. తండ్రులొచ్చి "మావాడికి భయమే లేదండీ" అంటారు. భయం సంగతి కాదు బాబూ, తొడ సంగతి అని చెప్పు. వేలాడే భుజాల పైకొస వెల్డింగులు వారానికోసారి చూడు. 2019 జులైలో అహ్మదాబాదు కంకారియా చెరువు దగ్గర లోలకంలా ఊగే ఆటబండి భుజం విరిగి ఇద్దరు చనిపోయారు.

ఠాకురాణి యాత్రకి ఇంకో చిక్కుంది, పెద్ద పార్కులవాళ్లకి తెలియనిది. వేషాలు! మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టుకుని తిరుగుతారు, తిరిగి తిరిగి నీ చక్రం కూడా ఎక్కుతారు. ఒకసారి పులివేషం ఒకటి ఎక్కింది. తోక తొట్టి సందులోంచి బయటపడి కిందకి వేలాడింది, చూసుకోలేదు. స్విచ్చు దగ్గరున్న మా కుర్రాడు చూశాడు గనుక సరిపోయింది, వాడు ఆపేసరికి తోక స్తంభానికి చుట్టుకుని సగం తెగింది. పైన పులి ఏడుస్తోంది. అప్పటికి నవ్వుకున్నాం. కానీ తోక ఊడొస్తుంది, జడ ఊడిరాదు. చున్నీ మెడకి ఉంటుంది. తోకలు, చున్నీలు, చీరకొంగులు, విరబోసిన జుట్టు అన్నీ గేటు దగ్గరే సర్దించు. మైకులో ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పించు, సినిమా పాటకి మధ్యలో కాదు, పాట ఆపి.

తడినేల, ఇనప చట్రం, వెయ్యి బల్బులు. ఎర్తింగు సరిగ్గా వేయించి, షాకు ప్రాణం మీదికి రాకముందే కట్టయ్యే 30 మిల్లీఆంపుల స్విచ్చు పెట్టించు. ఆటబండ్లకి భారత ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ 15475. డిప్లొమా చదివినవాడివి, తెప్పించుకుని చదువు. నేను చేతులతో నేర్చుకున్నవి చాలా అందులో అక్షరాల్లో ఉంటాయి. అనుమతుల కాగితాలకి నువ్వే తిరుగు, దళారీకి ఒగ్గీకు. ఇన్సూరెన్సు మాత్రం ఎక్కేవాళ్లకీ వర్తించేదే తీసుకో.

ఇక స్విచ్చు దగ్గర కూర్చునేవాడు. వాడికి ఆటల లెక్కన డబ్బులివ్వకు, నెలజీతం ఇవ్వు. ఆటకింత అంటే వాడి కన్ను గొళ్లేల మీద ఉండదు, వరసలో నిలబడ్డ జనం మీద ఉంటుంది. టికెట్ల డబ్బు లెక్కపెట్టే నువ్వు స్విచ్చు ముట్టుకోకు. గేటు మనిషి అన్ని గొళ్లేలూ చేత్తో లాగిచూసి చెయ్యెత్తాలి, అప్పుడే స్విచ్చు మనిషి వెయ్యాలి. ఎవడైనా, టీ ఇచ్చే కుర్రాడైనా సరే, "ఆపు" అంటే ఆపాలి. ఎందుకు ఆపావని వాణ్ణి తరవాతైనా కసరకు. ఒక్కసారి కసిరావంటే రెండోసారి వాడు నోరెత్తడు. నన్ను జయపురంలో కాపాడింది బుడగలమ్మే గుంటడు, వాడి పేరు కూడా అడగలేదు నేను.

రోజూ చూసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించు, సంతకం పెట్టించు. "అంతా బాగుంది" అని రాస్తే ఆ పేజీ చింపేసి మళ్లీ చూడమను.

మీ పెద్దమ్మ మోకాళ్లకి నూనె రాయించుకోవడం అయ్యాక, వచ్చే ఆదివారం గుణుపురం నుంచి వచ్చే బండికి బయల్దేరుతాను. స్టేషనుకి ఎవరినీ పంపకు, దారి తెలుసు. అప్పటికి తొట్టెల పిన్నులు పన్నెండు జతలూ విప్పించి, ఏ తొట్టిది ఏదో దారంతో చీటీలు కట్టి ఉంచు. రెండు లీటర్ల కిరసనాయిలు, ఒక పెట్టె సుద్దముక్కలు తెప్పించు, నూరడానికి మీ అమ్మ రోలు అడక్కు, తిడుతుంది. పెయింటరుకి బయానా ఇచ్చి ఉంటే వాణ్ణి ఆపు. నేను చూసేదాకా ఒక్క బ్రష్షు కూడా ఆ ఇనుము మీద పడకూడదు.

ఇట్లు,
మీ పెదనాన్న